ముడి వేసిన కొబ్బరాకు

అబెలీనో పేరెత్తితే మా ఊళ్ళో ముందు నవ్వేవారు, తర్వాత మాట్లాడేవారు. ఆ నవ్వు నేను పుట్టకముందే మొదలైందట. ఆయన ఇసుక దారిన వస్తూ దూరాన కనబడితే చాలు, రొసిబెల్ కొట్టు అరుగు మీద కూర్చున్నవాళ్ళు గొంతు సవరించుకునేవారు.

"ఏం దోన్ అబెలీనో, కూతుళ్ళ దగ్గర్నించి కబురేమైనా వచ్చిందా?"

"దార్లో ఉన్నారు," అనేవాడాయన నడక ఆపకుండానే.

"పాతికేళ్ళుగా దార్లోనేనా? ఈదుకుంటూ వస్తున్నారా, పాక్కుంటూ వస్తున్నారా?"

"నీ పైకప్పు రేకులు మారుస్తానని ఎన్నేళ్ళ నుంచి చెబుతున్నావు? అంతకంటే ముందే వస్తార్లే."

అరుగంతా గొల్లుమనేది. ఆయనా నవ్వేవాడు. కానీ కొట్టు దాటి నాలుగడుగులు వేశాక ఆ నవ్వు ముఖం మీద ఉండేది కాదు. మా ఇల్లు కొట్టు వెనకే కాబట్టి అది నాకు కనబడేది.

కూతుళ్ళంటే బౌలాలు. పెంకు లేని తాబేళ్ళు. వీపంతా నల్లటి తోలు, మనిషి పక్కన పడుకుంటే మనిషే చిన్నగా కనిపించేంత పెద్దవి. మా ఊరు సముద్రానికీ కాలవకూ మధ్య ఉన్న ఇసుక మేట. వాన తగ్గే నెలల్లో బౌలాలు ఈ ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. వచ్చేవి అనాలేమో.

అబెలీనో ఈ మేట మీదే పుట్టాడు. నడక వచ్చిన కొన్నాళ్ళకే వాళ్ళ నాన్న చేతికి మొనదేలిన కర్ర ఇచ్చాడు. ఇసుకలో కర్ర గుచ్చుతూ పోవాలి. గట్టిగా ఉన్నచోట ఆగుతుంది, గుడ్లున్నచోట మెత్తగా దిగుతుంది. ఆ గుడ్లు సంచుల్లో పోర్టుకి వెళ్ళేవి. అక్కడ సారా కొట్లలో మగవాళ్ళు పచ్చిగుడ్డులో కారం పులుసు వేసుకుని మగతనం కోసమని గుటుక్కున మింగుతారు. మా వాళ్ళెవరూ దాన్ని దొంగతనం అనుకోలేదు. మొక్కజొన్న విరిచినట్టే అదీ. అబెలీనో అందులో పేరున్నవాడు. కర్ర దిగిన తీరుని బట్టే గూడు పాతదో కొత్తదో చెప్పేవాడని ఆయన భార్య తొమాసా బతికున్నప్పుడు గొప్పగా చెప్పుకునేది.

మరి గుడ్లు తవ్వడం ఎందుకు మానేశావని ఒకసారి అడిగాను. నేను అంత మాట అడిగానంటే ఆ రోజు నేను పనిచేసే వంటగదిలో మేమిద్దరమే ఉండి ఉంటాం.

"ఒక ఏడు కర్ర పట్టుకుని కాలవ నోటి దాకా నడిచానమ్మాయీ. వెళ్ళేటప్పుడూ దిగలేదు, వచ్చేటప్పుడూ దిగలేదు. చిన్నప్పుడు అడుగడుక్కీ దిగేది. ఇసుకంతా గట్టిపడిపోయిందా అనిపించింది. ఆ కర్రని చూస్తే నాకే భయమేసింది."

అదే ఏడు పరాయి దేశాల వాళ్ళు గుడారాలు తెచ్చుకుని మా ఒడ్డుకి వచ్చారు. తాబేళ్ళని కాపాడతామన్నారు. ఒడ్డు తెలిసిన మనిషి కావాలన్నారు. అబెలీనో వెళ్ళాడు. ఊరు ఆయన మీద ఉమ్మేసింది. పినతండ్రి కొడుకు చనిపోయేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఒక ఆదివారం చర్చి వదిలాక బంతాట మైదానంలో అందరినీ నిలబెట్టి ఆయన చెప్పాడట: "మేం దడి కట్టి పొదిగించి వదులుతున్న పిల్లలు ఆడవైతే ఎదిగి ఇక్కడికే వస్తాయి, గుడ్లు పెట్టడానికి. మీ పిల్లలు పెద్దవాళ్ళయ్యేసరికి వస్తాయి. రాకపోతే నన్ను అబద్ధాలకోరనండి."

ఆ మాట నమ్మి కొందరు కర్రలు పొయ్యిలో పెట్టారు. మిగతావాళ్ళు క్యాంపులో పనులు దొరికాక మానేశారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. బౌలాలు మాత్రం ఏడాదికేడాది తగ్గుతూనే వచ్చాయి. వచ్చినవి కూడా ముసలివి, మునుపెప్పుడో క్యాంపువాళ్ళు తగిలించిన గుర్తుబిళ్ళలు ఈతరెక్కలకు ఉన్నవి. కొత్త తల్లి ఒక్కటీ రాలేదు.

నేను క్యాంపు వంటగదిలో పనిచేస్తాను. ఆరో తరగతి తర్వాత పెద్దబడికి పడవ మీద వెళ్ళాలి. అమ్మ కాళ్ళు వాచి లేవలేని ఏడు అది. వంటగదిలో ఎక్కువ మాట్లాడక్కర్లేదు, అది నాకు నచ్చింది. వడ్డించే కిటికీలోంచి భోజనాల బల్ల, ఒడ్డుకెళ్ళే దారి, గుడ్ల దడి అన్నీ కనిపిస్తాయి. ప్రతి కాలం వాలంటీర్లు దిగుతారు. సొంత ఖర్చుతో సముద్రాలు దాటి వచ్చి, చిరిగిన దోమతెరల కింద పడుకుని, మూడు పూటలా అన్నం చిక్కుళ్ళే తిని, పాచి ఏరి, ఇసుక మోస్తారు. మొదటివారం ఫోటోలు తీసుకుంటారు. రెండోవారం కాళ్ళ పుండ్లకు మందు అడుగుతారు. ఆ తర్వాత మాట తగ్గుతుంది. నేను చెప్పే ఆ ఏడు వచ్చిన గుంపులు బౌలా ముఖం చూడకుండానే వెళ్ళిపోయాయి. పొద్దున్నే ఒడ్డు నడిచి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నప్పుడు వాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు కాదు.

"వచ్చే ఏడు బౌలాల కోసం మనుషుల్ని పిలవలేను," అని సీనియా ఒకరోజు భోజనం దగ్గర అంది. క్యాంపు నడిపేది ఆవిడే. రాజధానిలో చదువుకున్న మనిషి. "లేనిదాన్ని కాపాడదాం రండని ఏ ముఖం పెట్టుకుని పిలవను? ఆగస్టుకి పచ్చ తాబేళ్ళొస్తాయి, వాటికే పిలుస్తా."

అబెలీనో అరటికాయ వేపుడు పక్కకి నెట్టి, "కాలం ఇంకా అయిపోలేదు డాక్టరమ్మా," అన్నాడు.

"అయిపోవచ్చింది దోన్ అబెలీనో."

ఆ మాటకు బల్ల చివర కూర్చున్న ఆనెలీస్ తలెత్తింది. హాలండు మనిషి. వాళ్ళ ఊళ్ళో ట్రామ్ నడిపి పదవీ విరమణ చేసింది. మా దగ్గరికి రావడం అది మూడోసారి. తాటిచెట్టంత పొడుగు. ఆవిడా అబెలీనో ఒడ్డున నడుస్తుంటే వెనకనుంచి తల్లీ పిల్లాడిలా ఉండేవారు. మా భాష ముక్కలు ముక్కలుగా మాట్లాడేది. మేం పెద్దవాళ్ళని మర్యాదకి దోన్ అంటాం, ఆడవాళ్ళనైతే దోన్యా; అబెలీనో ఆవిడని దోన్యా ఆనా అనేవాడు.

"నేను టికెట్ మార్చాను. కాలం ఆఖరు దాకా ఉంటాను," అంది.

"చూశావా," అన్నాడు అబెలీనో సీనియాతో. "దోన్యా ఆనా నమ్ముతోంది."

"నమ్మడం కాదు. ఇంటి దగ్గర వాన. ఇక్కడా వాన. ఇక్కడ అన్నం నేను వండక్కర్లేదు," అంది ఆనెలీస్. ఆయన పడీపడీ నవ్వాడు.

కాలం చివర్లో ఒక తెల్లవారుజామున నేను కాఫీ పొంగిస్తున్నాను. అబెలీనో లోపలికి వచ్చి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. చేతులకి భుజాల దాకా ఇసుక. రోజూ రాగానే కప్పు చాపే మనిషి ఆ రోజు చాపలేదు.

"వచ్చింది," అన్నాడు.

"ఎవరు?"

"ఎవరేమిటే పిల్లా, కూతురు!"

వెనకే ఆనెలీస్ వచ్చింది, తల దగ్గర్నుంచి తడిసిపోయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నా భుజాలు పట్టుకుని ఊపేసింది. బౌలాల్లో చిన్నదట. రెక్కలకు బిళ్ళ లేదు, ఎప్పుడో ఉండి ఊడిపోయిన మచ్చ కూడా లేదు. ఎక్కడ తవ్వాలో తెలియక రెండుచోట్ల తవ్వి వదిలేసి, మూడోచోట కుదురుకుందట.

"మొదటిసారి తల్లి," అన్నాడు అబెలీనో. "కాన్పుకి పుట్టింటికొచ్చింది."

సీనియా కళ్ళు నలుపుకుంటూ వచ్చి అంతా విన్నది. ఆవిడకీ సంతోషమే, కానీ అబద్ధం చెప్పే అలవాటు లేదు. "మొదటిసారిదే అయ్యుంటుంది. కానీ మనం వదిలినదే అని చెప్పలేం. కావచ్చు, కాకపోవచ్చు. ఎవరూ చెప్పలేరు."

"నువ్వు చెప్పక్కర్లేదమ్మా. నేను చెబుతున్నాగా."

మామూలుగా గుడ్లు పెడుతుండగానే కింద సంచి పట్టి, దడిలోకి తెచ్చి మళ్ళీ పాతిపెడతారు. దీనికి మాత్రం అబెలీనో సంచి పట్టనివ్వలేదు. దడిలో ఇసుక ఆ ఏడు పెనంలా కాలుతోంది, కిందటేడు పెట్టిన గూళ్ళే సగం ఉడికిపోయాయి. తల్లి ఎంచుకున్న చోటు ఎత్తున ఉంది, పోటు నీరు అందదు. అక్కడే ఉంచుదామన్నాడు. సీనియా ఆలోచించి సరేనంది. మిగిలింది జాడ తుడవడం. ఆనెలీస్ కొబ్బరిమట్టలు ఈడ్చి తాబేలు దారి మొత్తం చెరిపింది. వెనక్కి నడుస్తూ తన అడుగులు కూడా చెరుపుకుంది. దూరంగా ఇంకోచోట ఇసుక కెలికి దొంగగూడు ఒకటి చేసింది. పని పూర్తయ్యాక అసలు గూడు ఎక్కడో కొలత తాడు లేకుండా తనకే దొరకలేదని నవ్వుతూ చెప్పింది.

"నేను అక్కడ దగ్గర్లో కూర్చుంటాను రోజూ," అంది. "ట్రామ్ నడిపినదాన్ని. మెలకువగా ఉండటమే నా పని."

"నువ్వక్కడ కూర్చుంటే ఇక్కడేదో ఉందని దండోరా వేసినట్టే దోన్యా ఆనా."

అది నిజమేనని ఆవిడా ఒప్పుకుంది.

ఆ మధ్యాహ్నం ఒడ్డున పాచి ఏరుతున్నవాళ్ళకి భోజనం క్యారియర్ పట్టుకెళ్ళాను. గూడు దగ్గర అబెలీనో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. లేత కొబ్బరాకు చీల్చి రెండు ముళ్ళు వేశాడు. దాన్ని పుల్లకి కట్టి ఇసుకలో గుచ్చాడు. ఆనెలీస్ పైన నిలబడి చూస్తోంది.

"ఇదేంటి అబెలీనో?"

"మొదటి తల్లి ముడి. మా నాన్న కాలంలో తవ్వేవాళ్ళే పెట్టుకున్న కట్టుబాటు. కొత్త తల్లి గూడు ముందెవడికి కనబడితే వాడు ఇలా కట్టాలి. ఇక ఎంత ఆకలితో ఉన్నవాడైనా దాన్ని ముట్టడు. ముట్టుకుంటే వాడితో ఎవడూ పడవెక్కడు, వాడింటి పెళ్ళికి ఎవడూ పోడు."

ఆవిడ కాసేపు మాటలు వెతుక్కుంది. "కానీ మనం చెరిపాం కదా, అంతా. ఇప్పుడు ఇది కనబడుతుంది."

"కనబడాలనే. చెరిపింది పరాయివాళ్ళ కోసం. ఇది మావాళ్ళ కోసం."

ఆనెలీస్ నా వైపు చూసింది. నేనెప్పుడూ అలాంటి ముడి గురించి వినలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మనడిగితే, "అవును, మా నాన్నా కట్టేవాడు," అంది. తర్వాత కాళ్ళకి నూనె రాసుకుంటూ, "ఎన్నేళ్ళయిందో దాన్ని చూసి," అంది.

ఆ మర్నాడు కొట్టు దగ్గర అబెలీనోకి జరిగిన మర్యాద ఎప్పుడూ చూడలేదు. రొసిబెల్ తనే లేచి చల్లటి కూల్‌డ్రింకు తెచ్చి చేతిలో పెట్టింది.

"నిజంగా వచ్చిందా దోన్ అబెలీనో? ఒట్టు?"

"తొమాసా సమాధి మీద ఒట్టు."

"అయితే తాతయ్యావన్నమాట! స్వీట్లేవి?"

"పిల్లలు బయటికి రానీ. ఊరంతా వచ్చి చూద్దురుగాని. చంటిపిల్లల్ని కూడా తీసుకురండి." ఆయన అరుగు మీద, ఎప్పుడూ తనని చూసి నవ్వేవాళ్ళ మధ్య కూర్చున్నాడు. "ముడి కట్టాను," అన్నాడు. అరుగు మీది ముసలాళ్ళు ముగ్గురూ మెల్లిగా తలలూపారు. ఒకాయన టోపీ కూడా తీశాడు. కింద ఇసుకలో దనీలో పడవ ఇంజను విప్పుకుని కూర్చున్నాడు, చెవుల్లో పాటలు పెట్టుకుని. అబెలీనో వాడికి పద్రీనో, అంటే బాప్తిస్మం నాడు ఎత్తుకున్న తండ్రి. తొమాసా వాడికి పాలు పట్టి సగం పెంచింది. ఆయన వాణ్ణి చూసి చెయ్యి ఊపాడు. వాడూ ఊపాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. అబెలీనో రోజూ ఉదయం ఆ వైపు నడిచి, దూరం నుంచే ముడి చూసుకుని వచ్చేవాడు. దగ్గరికి వెళ్ళేవాడు కాదు, అడుగులు పడతాయని. వంటగదికి వచ్చి "ఉంది" అనేవాడు. నేను కాఫీ పోసేదాన్ని. ఆయన జీవితంలో అంత నెమ్మదిగా కాఫీ తాగిన రోజులు అవేననుకుంటాను.

ఒక ఉదయం ఉంది అనలేదు. ఆయన రానే లేదు. ఆనెలీస్ పరుగున వచ్చి కిటికీ పట్టుకుని, "యోర్లేనీ, సీనియాని పిలు," అంది. నేను సీనియాని పిలిచి, పొయ్యి ఆర్పి, వాళ్ళ వెనకే వెళ్ళాను.

గొయ్యి శుభ్రంగా తవ్వి ఉంది. ఇసుక ఒకే పక్కకి పోసి ఉంది, పని తెలిసిన చెయ్యి తవ్వినట్టు. చుట్టూ ఉసిరికాయలంత చిన్నచిన్న గుడ్లు చెల్లాచెదురుగా పడున్నాయి. బౌలా అసలు గుడ్ల పైన కొన్ని ఉత్తగుడ్లు వేస్తుంది, లోపల పచ్చసొన ఉండదు, వాటిలోంచి ఏదీ పుట్టదు. తవ్వేవాళ్ళు వాటిని పారేసి పోతారు. కొబ్బరాకు ముడి మాత్రం పెట్టినచోటే ఉంది, ఒక్క చీలిక కూడా నలగలేదు. అబెలీనో గొయ్యిని చూడటం లేదు, దాన్నే చూస్తున్నాడు.

"ఊరివాళ్ళు కాదు," అన్నాడు. "ముడి ఉండగా ఊరివాళ్ళు ముట్టరు. ఎవరో కాలవ దాటి వచ్చినవాళ్ళు."

ఆనెలీస్ ఆయన పక్కన తడి ఇసుకలో కూలబడింది.

ఆ మధ్యాహ్నమే ఆయన కొట్టుకి వెళ్ళాడు. కాలవలో కొత్త పడవ ఏదైనా చూశారా అని అడగడానికి. నేను ఉప్పు కోసం వెళ్ళి లోపల నిలబడి ఉన్నాను. అరుగు మీదివాళ్ళంతా అటూ ఇటూ చూశారు. ఇంజను పక్కన ఉన్న దనీలో చెవుల్లోంచి తీగలు తీసి లేచాడు.

"నేనే పద్రీనో."

అబెలీనోకి అర్థం కాలేదు. "నువ్వే ఏంటి? పడవ చూశావా?"

"తవ్వింది నేనే. నీదని తెలీదు. ఇందాకే చెప్పారు వీళ్ళు."

"ముడి చూళ్ళేదా?"

"చూశా. చూశాకే తవ్వా." వాడు తలవంచుకోలేదు, అలాగని పొగరుగానూ లేడు. "క్యాంపులో ఎవడో పరాయిదేశపు గ్రింగో గుర్తు పెట్టుకున్నాడనుకున్నా. అది లేకపోతే నా జన్మలో దొరికేది కాదు. అంత బాగా చెరిపారు."

"అది మొదటి తల్లి ముడి రా."

"ఏ తల్లి?"

రొసిబెల్ లోపల్నించి, "దనీలో, ఇక నోర్ముయ్," అంది.

"మాట్లాడనీ వాణ్ణి," అన్నాడు అబెలీనో. "ముడి అంటే తెలీదా నీకు? ఈ ఊళ్ళో పుట్టి?"

"ఎవరు చెప్పారు నాకు? నువ్వు చెప్పావా? నేను పుట్టేసరికే నువ్వు క్యాంపులో ఉన్నావు. చిన్నప్పుడు నాన్న వెనకాల ఒడ్డుకొస్తే కర్ర లాక్కుని ఇంటిదాకా తరిమావు. తప్పని అనడం లేదు. కానీ తవ్వడమే నేర్పనివాళ్ళు తవ్వకూడనిదేదో ఎప్పుడు నేర్పుతారు? నేను వీడియోలు చూసి నేర్చుకున్నా పద్రీనో. వాటిలో ముళ్ళు లేవు."

ఎవరూ నవ్వలేదు. టోపీ తీసిన ముసలాయన దాన్ని చేతుల్లో తిప్పుకుంటూ ఉన్నాడు.

"అన్నీ అమ్మేశావా?" అన్నాడు అబెలీనో.

"పోర్టులో. పొద్దున్నే."

"తినేసి ఉంటారా?"

"తినే ఉంటారు."

ఆయన అరుగు దిగాడు. నేను ఉప్పు తీసుకుని వెనకే వచ్చాను కానీ పక్కకి వెళ్ళలేదు. క్యాంపు గేటు దగ్గర సీనియా ఎదురొచ్చి, "ఏమైనా తెలిసిందా? పోలీసు పడవకి ఫోన్ చేయనా?" అంది.

"ఏం తెలియలేదు," అన్నాడు. "కాలవ దాటి వచ్చినవాళ్ళే."

ఆనెలీస్ నన్నేమీ అడగలేదు. మూడేళ్ళుగా మాతో తిరిగిన మనిషి, అడగకూడనివేవో ఆవిడకీ తెలుసు.

సాయంత్రం ఆయన బకెట్ తీసుకుని గూడు దగ్గరికి వెళ్ళి, చిందరవందరగా పడున్న ఉత్తగుడ్లన్నీ ఏరాడు. ఆనెలీస్ బకెట్ పట్టుకుంది. దడిలో నీడ పడే మూల, చేయి భుజం దాకా దిగేంత లోతు తవ్వి, ఒక్కొక్కటే దించి, తడి ఇసుక, పొడి ఇసుక వరసగా పోసి, పీతలు రాకుండా చుట్టూ వల బిగించాడు. మంచి గూటికి ఎలా చేస్తాడో అచ్చం అలాగే. సీనియా వచ్చి నిలబడింది.

"దోన్ అబెలీనో, వాటిలో ఏమీ లేదు."

"తెలుసు."

"మరెందుకు?"

"చోటు ఖాళీగానే ఉందిగా," అన్నాడాయన.

ఆవిడ వెళ్ళిపోయింది.

బౌలాల కాలం అయిపోయింది. ఆ తల్లి మళ్ళీ రాలేదు. ఇప్పుడు చల్లటి నీళ్ళవైపు పోయి ఉంటుంది, తిరిగి రావాలంటే రెండేళ్ళో మూడేళ్ళో పడుతుంది. అదీ ఏ వలలోనూ పడకపోతే. ఆనెలీస్ వెళ్ళేరోజు ఆవిడ సంచి అబెలీనోయే రేవు దాకా మోశాడు.

"ఆ తల్లి మళ్ళీ ఏ ఏడు వస్తే ఆ ఏడు నేనూ వస్తాను," అంది.

"రా దోన్యా ఆనా."

"మోకాలు ఒప్పుకుంటే."

"నా మోకాలూ ఒప్పుకోవాలి," అన్నాడాయన. ఇద్దరూ నవ్వబోయి మానేశారు. ఆవిడ తన వానకోటు నా చేతిలో పెట్టి పడవెక్కింది. పడవ మలుపు తిరిగేదాకా నిలబడి చెయ్యి ఊపుతూనే ఉంది. ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు.

ఊళ్ళో ఆయన్ని ఆటపట్టించడం మానేశారు. కొట్టు ముందు నుంచి వెళ్తుంటే అరుగు మీద మాటలు ఆగిపోయేవి, వెళ్ళాక మొదలయ్యేవి. దనీలో ఇంటికి వచ్చి చేపలు ఇచ్చి వెళ్ళేవాడు. ఆయన తీసుకునేవాడు, వండేవాడు కాదు, నాకు తెచ్చి ఇచ్చేవాడు. ఇక తవ్వడం సంగతంటారా, ఒకడు తవ్వాడు, వాడికేం కాలేదు, పోలీసు పడవా రాలేదు. పచ్చ తాబేళ్ళు వచ్చేసరికి ఒడ్డంతా కర్ర పోట్లు కనబడటం మొదలైంది. అబెలీనో పొద్దున్నే నడుస్తూ వాటిని కాలితో పూడ్చేసేవాడు, కొత్త వాలంటీర్లు లేచేలోపు.

కొత్తవాళ్ళు మంచి పిల్లలు. దడిలో వంతులవారీగా కాపలా కూర్చునేవాళ్ళు. మూల గూడు దగ్గర వల మిగతావాటికంటే బాగా బిగించి ఉండటం చూసి, ఒక అమ్మాయి అందులో ఏముందని అడిగింది.

"బౌలా," అన్నాడు.

అప్పట్నించి అందరూ ఆ మూలే కూర్చునేవారు. ఎండ పడితే తమ తువ్వాళ్ళు కప్పేవారు. పీత కనబడితే అరుచుకుంటూ తరిమేవారు. తాబేలు పిల్లలు ఎప్పుడు బయటికొస్తాయని నన్ను వంటగది కిటికీలోంచి అడిగేవారు. నేను పళ్ళేలు కడుగుతున్నట్టు ఉండిపోయేదాన్ని.

సెప్టెంబరులో దడి నిండిపోయింది. పచ్చ తాబేళ్ళ గుడ్లు సంచుల్లో వస్తుంటే పెట్టడానికి చోటు లేదు. సీనియా వంటగదికి వచ్చి గ్లాసుడు నీళ్ళు తాగి, తాగాక కూడా నిలబడింది.

"ఆ మూల కావాలి యోర్లేనీ. నువ్వు చెప్పగలవా ఆయనకి? నావల్ల కావడం లేదు."

నేను వెళ్ళాను. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకున్నాను. ఆయన వల బాగుచేస్తున్నాడు. నన్నూ నా ఉత్త చేతుల్నీ చూశాడు, కాఫీ తేలేదని.

"ఆవిడ పంపిందా?"

తల ఊపాను.

ఆయన లేచి ఆ మూలకి వెళ్ళి వల విప్పాడు. కాపలా ఉన్న పిల్లలు ఏదో వేడుక అనుకుని లేచి చుట్టూ చేరారు. ఒకడు ఫోను తీసి పట్టుకున్నాడు. అబెలీనో చేయి భుజం దాకా దించి, ఒక్కొక్కటే తీసి బకెట్‌లో వేశాడు. గుడ్లు ఎండి, ముడుచుకుపోయి, పసుపురంగుకి తిరిగాయి. ఎవరో ముక్కు మూసుకున్నారు. ఫోను పట్టుకున్న పిల్లాడు దాన్ని మెల్లిగా జేబులో పెట్టేసుకున్నాడు.

"ఒక్కటి కూడా లేదా?" అంది ఆ అమ్మాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి దానికి. "ఏమైంది దోన్ అబెలీనో? ఎందుకిలా అయింది?"

ఆయన నా వైపు చూడలేదు. దడి అవతల, దూరాన, దనీలో మరో ఇద్దరితో ఒడ్డు వెంట నడిచి పోతున్నాడు, చేతిలో కర్ర.

"ఎండ," అన్నాడు అబెలీనో. "ఈ ఏడు ఎండ ఎక్కువైంది."

బకెట్ తీసుకెళ్ళి చెట్ల వెనక పూడ్చి వచ్చాడు. దడి మూల ఖాళీ అయిన గోతిలోనే పచ్చ తాబేలు గుడ్లు పెట్టి కప్పాడు. మర్నాడు పొద్దున నేను పొయ్యి వెలిగిస్తుంటే పిల్లలంతా నిచ్చెన వేసుకుని దడి మీద నీడ కోసం రెండో పొర గుడ్డ కడుతున్నారు. ఆయన కింద నిలబడి తాడు అందిస్తున్నాడు.